ఎక్కడా ఇమడని గుల్ల: వేదవతి గారి పదవీ విరమణ సందర్భంగా

శ్రీరామమూర్తి, మనస్తత్వశాస్త్ర విభాగం

1991వ సంవత్సరం జూలై పదిహేనవ తేదీన, ఉదయం తొలి గంట మోగక ముందే, శ్రీమతి వేదవతి గారు దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనుక సందులో ఉన్న మన కళాశాల పాత భవనంలో జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా చేరారు. ఆనాడు వారి చేతిలో నియామక ఉత్తర్వు, భుజాన ఒక గుడ్డసంచి ఉన్నాయి. ఆ సంచిలో ఉన్నది ఒక రాయి. చేరిన అధ్యాపకులు సాధారణంగా మొదటిరోజు తమ టైంటేబుల్ గురించి, తమ కుర్చీ గురించి అడుగుతారు. వేదవతి గారు మాత్రం ఆ రాయి పెట్టడానికి ప్రయోగశాలలో కదలని బల్ల ఏదైనా ఉందా అని అడిగారట. ఆ మాట విన్నవారిలో ఇప్పుడు కళాశాలలో మిగిలినవారు ఎవరూ లేరు. నేను ఐదేళ్ళ తర్వాత వచ్చినవాణ్ణి. అయినా ఆ రాయితో మొదలుపెట్టకుండా ఆమె గురించి రాయడం సాధ్యం కాదు. ఈ వ్యాసాన్ని ఇంత తేలికపడిన మనసుతో రాయగలుగుతున్నానంటే, అందుకు కారణం కూడా చాలావరకు ఆ రాయే.

అది భీమునిపట్నం తీరానిది. దానిమీద లింపెట్ల ఇళ్ళు ఉన్నాయి. లింపెట్ అంటే సముద్రతీరపు రాళ్ళమీద బతికే ఒక నత్తజాతి ప్రాణి. మామూలు నత్తకు ఉన్నట్టు మెలికలు తిరిగిన గుల్ల దానికి ఉండదు. బోర్లించిన చిన్న గిన్నెలాగా, కొన తేలిన గుల్ల ఒక్కటే ఉంటుంది. అల వచ్చి రాయి తడిసినప్పుడు అది మేతకు బయలుదేరుతుంది. ఇనుపధాతువు కలిసిన సన్నని పళ్ళు వరుసలు తీరిన నాలుకతో, మనం కొబ్బరి కోరినట్టు, రాతిమీది నాచును కోరుకుని తింటుంది. మేత ముగిశాక తాను బయలుదేరిన చోటికే తిరిగివస్తుంది. ఆ చోట దాని గుల్ల అంచుకు సరిగ్గా సరిపోయే గుర్తు ఒకటి రాతిమీద ఉంటుంది. రాయి మెత్తనిదైతే రాయి అరుగుతుంది. గట్టిదైతే గుల్ల అంచే రాతి ఎగుడుదిగుళ్ళకు తగినట్టు పెరుగుతుంది. అంచుకూ రాతికీ మధ్య సందు లేకుండా ఉంటేనే ఎండకు లోపలి తడి ఆరిపోదు, అలల దెబ్బకు ప్రాణి కొట్టుకుపోదు. అందుకే ఒకదాని గుల్ల మరొకదాని చోట ఇమడదు. తన చోటనైనా, ఒక్క దిక్కుగా తిరిగి కూర్చుంటేనే ఇముడుతుంది.

వాల్తేరులో చదువుకునే రోజుల్లో వేదవతి గారి పరిశోధన ఈ ప్రాణులమీదనే సాగింది. ఏది ఎంతదూరం వెళ్ళి ఏ చోటికి తిరిగివస్తున్నదో తెలియాలంటే ఒక్కొక్కదానికీ గుర్తు పెట్టాలి. ఆమె గోళ్ళరంగుతో గుల్లలమీద చుక్కలు పెట్టేవారు. భీమిలిలోనే ఉండే ఆమె తల్లి వెంకాయమ్మ గారు ఒకనాడు ఇంట్లో కొత్త సీసా కనబడక, కూతురి కోసం తీరానికి వచ్చి ఈ దృశ్యం చూశారు. “గోళ్ళకి ఏసుకోమంటే ఏసుకోవు గానీ, గుల్లలకి సింగారిస్తున్నావేటే! రేపు వీటికి సంబంధాలు కూడా చూస్తావేటి?” అన్నారట. ఈ మాటను వేదవతి గారు తల్లి గొంతుతోనే, తల్లి చెయ్యి తిప్పినట్టే తిప్పుతూ, ప్రతి ఏటా కొత్త విద్యార్థులకు చెప్పేవారు. పిల్లలు నవ్వేవారు. ఆ నవ్వులోనే పరిశోధనా పద్ధతి ఒకటి వారికి తెలియకుండానే వంటబట్టేది.

రోడ్డు వెడల్పు చేసే పనుల్లో ఒకసారి తీరపు బండలు పగలగొట్టినప్పుడు, నీటికి దూరంగా పడిన ఒక ముక్కమీద ఐదు లింపెట్లు ఎండిపోయి చనిపోయాయి. ఆమె ఆ ముక్కను, ఊడిపోయిన గుల్లలను తెచ్చుకున్నారు. అదే సంవత్సరం వివాహమై, విద్యుత్ శాఖలో ఉద్యోగం చేస్తున్న బాపిరాజు గారితో హైదరాబాదు కాపురానికి వస్తూ వాటిని వెంట తీసుకువచ్చారు. సికింద్రాబాదు స్టేషన్‌లో కూలీ సంచి ఎత్తి, వెంటనే దించేసి, “ఏమున్నయ్ సార్ ఇండ్ల, బండలా?” అని అడిగాడట. “అవునయ్యా, బండే అన్నాను. నేను వెటకారం చేస్తున్నాననుకుని వెళ్ళిపోయాడు. ఆఖరికి నేనే మోశాను” అని బాపిరాజు గారు ఇప్పటికీ భుజం తడుముకుంటూ చెబుతారు.

ఆ రాయి చుట్టూ మన జంతుశాస్త్ర విభాగంలో ఒక ఆచారం ఏర్పడింది. ప్రతి విద్యాసంవత్సరం మొదటి ప్రయోగ తరగతిలో సూక్ష్మదర్శిని ముట్టుకోవడానికి ముందు, కప్ప పటం గీయడానికి ముందు, ప్రతి విద్యార్థీ ఆ ఐదు గుల్లలలో ఒకదాన్ని తీసుకుని దాని ఇంటికి చేర్చాలి. ఏది ఏ ఇంటిదో ఆమె చెప్పరు, తొందర పెట్టరు. కొందరు చూపుతో వెదుకుతారు, కొందరు వేలికొసతో. సరైన చోట సరైన దిక్కుకు తిరిగినప్పుడు చిన్న శబ్దం చేసి గుల్ల కూర్చుంటుంది. ఆ తర్వాత వేలితో నెట్టినా ఊగదు. ఆ క్షణంలో పిల్లల ముఖం ఎలా మారుతుందో చూడటానికి, నా తరగతి లేని వేళల్లో, నేను ఆ తలుపు దగ్గర నిలబడిన సందర్భాలు ఉన్నాయి. మన పూర్వ విద్యార్థులలో కొందరు వైద్యులయ్యారు, కొందరు చైతన్యపురి కోచింగ్ సెంటర్లలో పేరున్న అధ్యాపకులయ్యారు, ఒకరు కొత్తపేటలో చేపల దుకాణం నడుపుతున్నారు. వారిలో ఎవరు కనిపించినా జంతుశాస్త్ర విభాగం గురించి ముందుగా అడిగేది, ఆ రాయి ఇంకా ఉన్నదా అనే.

మౌఖిక పరీక్షలలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. నిశ్చింతగా ఉన్న లింపెట్‌ను ఒక్కసారిగా పక్కకు నెడితే ఊడివస్తుంది. ముందుగా తట్టి హెచ్చరిస్తే మాత్రం రాతికి బిగుసుకుపోతుంది, ఇక ఎంత లాగినా రాదు. పిల్లలూ అంతేనని ఆమె నమ్మకం. అందుకే ఎదుట కూర్చున్న విద్యార్థిని ఆమె అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: “పొద్దున ఏం తిన్నావు?” ఇడ్లీ అనో, ఏమీ తినలేదనో, హాస్టల్లో ఉప్మా బాగాలేదనో విద్యార్థి చెప్పుకుంటూ ఉండగానే సంభాషణ జీర్ణవ్యవస్థలోకి జారిపోయేది. పరీక్ష అయిపోయిందని తెలియక ఇంకా కూర్చున్న పిల్లలను అటెండరు తిరుపతి వచ్చి లేపవలసి వచ్చేది.

2003లో ఆమె విభాగాధిపతి అయ్యారు. ఆ పదవిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉండి, ఇంతమంది పెద్దలతో ఇన్ని అభిప్రాయభేదాలు వచ్చినా, ఎవరితోనూ మాట మానుకోకుండా గడిపారు. నాతో కూడా ఒకసారి అభిప్రాయభేదం వచ్చింది. ఒక సదస్సులో నేను, మార్పును భరించలేని మనసు లింపెట్ వంటిదని, ఉన్నచోటనే అతుక్కుపోతుందని ప్రసంగించాను. మరునాడు స్టాఫ్ రూములో ఆమె నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

“మూర్తి గారూ, మీరు దాన్ని అవమానించారు.”

“ఏమన్నానండీ?”

“అతుక్కుపోతుందన్నారు. అది రోజూ బయటికి వెళ్తుందండీ. వెళ్ళకపోతే ఆకలితో చస్తుంది. వెళ్ళి, తిరిగి వస్తుంది. తిరిగి రావడం వేరు, కదలకపోవడం వేరు.”

“దారి ఎలా తెలుస్తుంది దానికి?”

“వెళ్ళేటప్పుడు జిగురు వదులుతూ వెళ్తుంది. ఆ జాడ పట్టుకునే వస్తుందంటారు. ఇంకోటి కూడా రాసుకోండి మీ పుస్తకంలో. ఎండ మరీ మండిపోతే, మన వేడి తీరాల్లో ఉండేవి కొన్ని బిగుసుకుని కూర్చోవు. గుల్లని కాస్త పైకెత్తి గాలి ఆడనిస్తాయి. పట్టు సడలించడం కూడా బతకడంలో భాగమే.”

ఆ మాట నేను రాసుకున్నాను. అది ఆమెకే అవసరమయ్యే రోజు వస్తుందని అప్పుడు ఇద్దరమూ అనుకోలేదు.

2024 జూన్‌లో మన కళాశాల దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌లోని కొత్త భవనానికి మారింది. వేదవతి గారి ఇల్లు కొత్తపేటలో, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో. ఆ స్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫారం పాత కళాశాల వైపు తీసుకుపోతుంది, ఎదుటి ప్లాట్‌ఫారం కొత్త కళాశాల వైపు. జూలైలో ఒక ఉదయం ఆమె పాత వైపు రైలెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, పాత భవనం దాకా నడిచి వెళ్ళారు. గేటుకు అప్పటికే ఒక కోచింగ్ సంస్థ బోర్డు బిగిస్తున్నారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్క నెలలో పోదు కనుక అందరం నవ్వుకున్నాం, ఆమెతో సహా. ఆగస్టులో మళ్ళీ అదే జరిగింది. సెప్టెంబరులో మరోసారి జరిగినప్పుడు, పాత భవనంలోనే కావలికి ఉండిపోయిన బక్కయ్య ఆమెకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

“ఏం మేడమ్, మల్ల ఇటే ఒచ్చిన్రు? కాలేజీ పోయి ఎల్బీ నగర్‌ల పడ్డది గదా!”

“ఏదో పుస్తకం మర్చిపోయాను బక్కయ్యా.”

“పోయినసారి గూడ గదే చెప్పిన్రు. జర నీళ్ళు తాగుండ్రి. ఆటో తెస్త.”

ఇక్కడి నుంచి నేను రాయబోయే విషయం ఒక సన్మాన సంచికలో ఉండదగినదా అని సందేహించి, ముందుగా వేదవతి గారినే అడిగాను. “రాయండి. రాయకపోతే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. పైగా నాలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉంటారు, వాళ్ళు చదవాలి” అన్నారు. కనుక ఆమె ఆజ్ఞగానే రాస్తున్నాను.

దసరాకు ముందు ఒక తరగతిలో, లింపెట్ నాలుకకు శాస్త్రంలో ఉన్న పేరు, రాడ్యులా అనే మాట, ఆమెకు అందలేదు. ఎన్నో వందల తరగతులలో పలికిన మాట. పిల్లలు అందించారు, ఆమె చిరునవ్వుతో కొనసాగించారు, పాఠం ముగించి నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

“మీరు డాక్టరు కాదుగా మూర్తి గారూ, అందుకే మీకు చెబుతున్నాను. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు పాత ఇంటికి వెళ్ళిపోయేది. తర్వాత మాటలు పోయాయి. ఆఖర్న నేనెవరో తెలీలేదు.”

పరీక్షలు చేయించుకొమ్మని అన్నాను.

“చేయిస్తే దానికో పేరు పెడతారు. పేరు పెట్టాక ఆయన నన్ను చూసే చూపు మారిపోతుంది. వద్దు. డిసెంబరుతో మానేస్తాను. పిల్లల ముందు అలా అయిపోకూడదు.”

పదవీకాలం ఇంకా చాలా నెలలు ఉంది. నేను ఎంత చెప్పినా ఆమె బిగుసుకుపోతారని, చెప్పేకొద్దీ మరింత బిగుసుకుపోతారని నాకు తెలుసు. ఆ సంగతి నేర్పినది ఆమే. అందుకే ఆ రోజు మరేమీ అనలేదు. కానీ ఆ తర్వాతి రోజులన్నీ భారంగా గడిచాయి. ఉదయం కళాశాల గేటులో ఆమె చీర కొంగు కనిపించేదాకా నాకు ఏ పనీ తోచేది కాదు. ఆ పరిస్థితి నా ఒక్కడిదే కాదు. విభాగంలో ఆమెకు సహాధ్యాపకురాలైన అరుణజ్యోతి, ఏదో వంకతో రోజూ ఉదయం ఫోను చేసి, “మేడమ్, ఎక్కడిదాంక ఒచ్చిన్రు?” అని అడిగేది. అది వంక అని వేదవతి గారికి తెలుసు. తెలిసీ ఓపికగా స్టేషన్ పేరు చెప్పేవారు.

కొత్త ప్రయోగశాలలో నీటి కుళాయిలు ఆలస్యం కావడంవల్ల, పాత సామాను పెట్టెలు దసరా సెలవులయ్యేదాకా కట్టిన తాళ్ళతోనే ఉన్నాయి. వాటిని విప్పిన రోజున వేదవతి గారు నన్ను పిలిపించారు. రాయి బల్లమీద ఉంది. ఐదు గుల్లలూ ఒకే సంచిలో కలిసిపోయి ఉన్నాయి. ఆమె నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, “ఇవి ఐదూ నేను ఇళ్ళకి చేర్చగలిగితే జూన్ దాకా ఉంటాను. లేకపోతే రేపే ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. మీరు సాక్షి” అన్నారు. ఇది పరీక్ష కాదని, ఇటువంటి పరీక్షతో ఎవరి మనసునూ కొలవకూడదని ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడిగా నేను చెప్పవలసింది. ఆమె చేయి అప్పటికే సంచిలో ఉంది.

మొదటి గుల్ల చూసీ చూడగానే కూర్చుంది. రెండవదీ మూడవదీ కూడా అంతే. నాలుగవదాన్ని కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు తడుముతూ తిప్పి కూర్చోబెట్టారు. అరుణజ్యోతి నవ్వుతూ, “మేడమ్, మీకు గివి పిలిస్తే పలుకుతయి” అంది. మిగిలింది అన్నిటికన్నా చిన్నది. మిగిలిన ఇల్లు కూడా ఒక్కటే. కనుక వెదకవలసిన పని కూడా లేదు. అయినా అది ఇమడలేదు. ఒక దిక్కుకు తిప్పారు, ఇంకో దిక్కుకు తిప్పారు, వెనక్కు తిప్పారు. గుల్ల రాతిమీద గలగలలాడింది. అంచుకింద సన్నటి వెలుతురు కనిపించింది. ఆమె మిగతా నాలుగింటినీ తీసేసి, మళ్ళీ మొదటినుంచి పెట్టసాగారు. చివరికి గుల్లను బల్లమీద పెట్టి, స్టూలుమీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“నాకు ఇది ఏ ఇల్లో కూడా తెలీడం లేదు” అన్నారు. ఆ మాట మాలో ఎవరితోనూ అన్నట్టు లేదు.

అప్పుడు, పెట్టెల తాళ్ళు చుట్టుకుంటూ మూలన నిలబడి ఉన్న తిరుపతి, తాడు కింద పడేసి ముందుకు వచ్చాడు.

“మేడమ్, గది మీ తప్పు కాదు మేడమ్.”

“ఏది తిరుపతీ?”

“గా చిన్నది. జూన్‌ల సామాన్ కట్టెటప్పుడు, కొత్త బిల్డింగుల మెరవాలె గదా అని, బాత్రూం కడిగె ఆసిడ్‌ల ముంచిన. బుస్సుమని నురుగొచ్చింది మేడమ్! పాణం ఉన్నదేమో అని పరేషానై, ఉరికి నీళ్ళల్ల కడిగిన. ఇగ తక్కినయి ముట్టలె. మీరు తిడ్తరని చెప్పలె.”

అరుణజ్యోతి గుల్లను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. “అయ్యో, అంచు మొత్తం తిన్నది మేడమ్. కాయితం తీర్గ అయింది, చూడుండ్రి” అంది. ఆ గుల్ల తక్కినవాటికన్నా తెల్లగా పాలిపోయి ఉంది. గీతలు అరిగిపోయి నున్నగా ఉంది. కనిపిస్తూనే ఉంది, మాలో ఎవరమూ చూడలేదు. గుల్ల సున్నపు పదార్థమని, ఆమ్లం తగిలితే నురుగెత్తి కరుగుతుందని ఏటా ఒక ముక్క వేసి చూపించే వేదవతి గారు కూడా చూడలేదు. అప్పటికే తనపై తీర్పు రాసేసుకున్న మనిషికి ఎదుట ఏ వస్తువు పెట్టినా అది తనకు వ్యతిరేక సాక్ష్యంగానే కనబడుతుంది. మా శాస్త్రంలో దీన్ని గురించి చాలా రాశారు. నేను మాత్రం దాన్ని ఆ రోజే చూశాను.

ఆమె గుల్లను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. మొదట నిశ్శబ్దంగా, తర్వాత భుజాలు ఊగేలా, తర్వాత కళ్ళవెంట నీళ్ళు కారేలా.

“తిరుపతీ, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నువ్వు చేసిన మంచి పని ఇదొక్కటే!”

“తిడ్తున్నరా, మెచ్చుకుంటున్నరా మేడమ్?”

“తెలీడం లేదు, ఉండు.”

తిరుపతికి ఏమీ అర్థం కాలేదు. అతడు చెడగొట్టిన ఆ గుల్ల ఒక మనిషిని ఎంత దూరం నుంచి వెనక్కు తెచ్చిందో ఆ గదిలో అప్పటికి నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. నేను ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగాను: “పొద్దున ఏం తిన్నారు?”

ఆమె నావైపు తిరిగి చూశారు. ఆ ప్రశ్న ఎవరిదో, ఎందుకు వచ్చిందో తెలిసిన చూపు అది. “కాఫీ” అన్నారు. గుల్లను బల్లమీద పెట్టి, “సరే, డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఈ సాయంత్రమే ఆయనకి చెబుతాను” అన్నారు.

బాపిరాజు గారి చూపు మారలేదు. ఆయన మొత్తం విని, అలమరలోంచి పాత మందుల చీటీలన్నీ తీసి ఒక సంచిలో వేసుకుని, మరునాడే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. విచిత్రం ఏమిటంటే, ఆ డాక్టరు కూడా తల గురించి అడగక ముందు తిండి గురించే అడిగారట. వేదవతి గారు పుట్టుకతో శాకాహారులు. పడటం లేదని కొన్నేళ్ళ క్రితమే పాలు, పెరుగు మానేశారు. ఛాతీలో మంటకు, కడుపులో ఆసిడ్ తగ్గించే మాత్ర ఒకటి ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు. తలకు తీసిన స్కానులో భయపడవలసింది ఏదీ లేదు. రక్తపరీక్షలో మాత్రం బి12 అనే విటమిన్ ఉండవలసినదానిలో నాలుగో వంతు కూడా లేదు. ఆహారంలో అందేది తక్కువ, అందిన కొద్దినీ ఒంటికి పట్టనివ్వకుండా ఆ మంట మాత్ర అడ్డుపడుతున్నదని, ఇంజెక్షన్లతో కోలుకోవచ్చునని డాక్టరు చెప్పారు. తల్లికి వచ్చిన జబ్బు ఇది కాదని ఆమె రెండుసార్లు అడిగి రెండుసార్లూ చెప్పించుకున్నారు.

రిపోర్టులు చేతికి వచ్చిన సాయంత్రం వారు నేరుగా కొత్తపేట రైతుబజారు దగ్గరికి రమ్మని నాకు ఫోను చేశారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ బత్తాయిలు బేరమాడుతున్నారు. బాపిరాజు గారు నన్ను చూసి దూరం నుంచే చెయ్యెత్తి, “ఏమండీ మూర్తి గారూ, అక్కడా ఇక్కడా ఆసిడ్ గొడవేనండి! గుల్లకి ఎక్కువై పోయింది, ఈవిడకి తక్కువ చెయ్యబోయి పోయింది!” అని కేక వేశారు. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె, “ఊరందరికీ చెప్పండి” అని భర్తను విసుక్కుంటూనే, ఏరిన బత్తాయి ఒకటి నా చేతిలో పెట్టారు. ఆయన కేక విన్నప్పుడు నాలో ఏదో బిగువు ఒక్కసారిగా వదలడం నాకు స్పష్టంగా తెలిసింది. అంతకాలం అది బిగుసుకుని ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది.

సంక్రాంతి సెలవులు గడిచేనాటికి మాటలు తిరిగివచ్చాయి. అరుణజ్యోతి ఉదయపు ఫోను మానేసింది, మానేసిన మూడవరోజున వేదవతి గారే ఆమెకు ఫోను చేసి, “ఎల్బీ నగర్‌లో దిగానమ్మా, నువ్వెక్కడున్నావు?” అని ఎదురు ప్రశ్నించారు. మార్చి ప్రయోగ పరీక్షలు ఆమే నిర్వహించారు. ఆ పరీక్షల సందర్భంగా బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, ప్రతి విద్యార్థినీ ఉదయం ఏం తిన్నావని ఎందుకు అడుగుతున్నారో అర్థంకాక నన్ను వివరణ కోరారు. అది ఇక్కడి సంప్రదాయమని చెప్పాను.

ఈ జూన్ ముప్ఫయ్యవ తేదీన, తమ పదవీకాలాన్ని ఒక్కరోజు కూడా తగ్గించుకోకుండా, వేదవతి గారు విరమిస్తున్నారు. డిసెంబరులో, ఎవరికీ కారణం చెప్పకుండా, తల వంచుకుని వెళ్ళిపోవలసిన మనిషి, ఇప్పుడు తన పద్ధతిలో, తన సమయానికి, తల ఎత్తుకుని వెళ్తున్నారు. ఒక సహోద్యోగి వెళ్ళిపోతుంటే బాధపడటం మర్యాద. ఆ మర్యాదను నేను ఈసారి పాటించలేను. నాకు ఊరటగా ఉంది. నాకే కాదు, నిన్న స్టాఫ్ రూములో వీడ్కోలు విందుకు మెనూ ఎవరు చెప్పాలని వాదులాడుకున్న ప్రతి ఒక్కరి ముఖంలోనూ ఆ ఊరటే కనిపించింది. మెనూ చివరికి ఆమే చెప్పారు. పెరుగు వడలు తప్పకుండా ఉండాలట. తనకు మళ్ళీ పడుతున్నదట.

రాయి మన ఎల్బీ నగర్ ప్రయోగశాలలోనే ఉంటుంది, నాలుగు గుల్లలతో. దాని బాధ్యత అరుణజ్యోతికి అప్పగించారు. తిరుపతిని ఆ బల్ల దగ్గరికి ఏ సీసాతోనూ రానివ్వకూడదని షరతు పెట్టారు. తిరుపతి దానికి ఒప్పుకుని, అందరిముందూ చేతిలో చెయ్యి వేశాడు. ఐదవ ఇల్లు ఖాళీగా ఉంటుంది. పిల్లలు దాన్ని గురించి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు.

ఐదవ గుల్లను మాత్రం ఆమె ఇంటికి తీసుకువెళ్ళారు. కొత్తపేటలో వారి ఇంటికి పోయినప్పుడు చూశాను. ఒకసారి టీవీ పక్కన ఉంది, మరోసారి వంటింటి కిటికీలో, ఇంకోసారి బాపిరాజు గారి కళ్ళజోడు పెట్టె మీద. దానికి ఒక చోటంటూ లేదా అని అడిగాను.

“ఎక్కడా ఇమడదు కదా మూర్తి గారూ. అందుకని ఎక్కడైనా పెట్టుకోవచ్చు” అన్నారు.

జూలైలో దంపతులిద్దరూ భీమిలి వెళ్తున్నారు. పాత బండలు ఎన్ని మిగిలాయో చూసి, మిగిలినవాటిమీద లింపెట్లకు మళ్ళీ చుక్కలు పెట్టాలని ఆమె గోళ్ళరంగు సీసా కొన్నారు. తిరుగు ప్రయాణానికి టికెట్లు ఎప్పటికి తీసుకున్నారని అడిగితే, ఇంకా తీసుకోలేదన్నారు. నా ముఖంలో ఏం కనిపించిందో, వెంటనే నవ్వి, “కంగారు పడకండి. ఇంటికి దారి తెలుసు నాకు” అన్నారు.

వేదవతి గారూ, ఆ ఒక్క మాట వినడానికే మేమందరం ఈ ఏడాదంతా ఊపిరి బిగబట్టి ఉన్నాం. ఇప్పుడు వదిలాం. మీకు, బాపిరాజు గారికి, నిండు ఆరోగ్యంతో సుదీర్ఘమైన ఆయుష్షు కలగాలని, ఆ ఆయుష్షు పొడుగునా మాటలూ మనుషులూ దారులూ మీకు గుర్తుండాలని మనసారా కోరుకుంటున్నాం. ఎంతదూరమైనా వెళ్ళండి, ఎన్నాళ్ళైనా ఉండండి. ఎప్పుడైనా ఏ ప్లాట్‌ఫారం ఎక్కాలో తోచకపోతే మాత్రం, తప్పు రైలెక్కినా పరవాలేదు. అటు బక్కయ్య కుర్చీ వేసి ఉంచుతాడు, ఇటు మేం ఉంటాం.